అడవి పక్షుల రోగనిరోధక జన్యువులు, ఆరోగ్యం: తరచుగా అడిగే ప్రశ్నలు

వల కట్టి పక్షుల రక్తం తీసే పరిశోధక విద్యార్థులు, ల్యాబ్‌లో ఆ రక్తంలోని జన్యువులు చదివేవాళ్లు, పెరట్లో పిచ్చుకలకు గింజలు పెట్టేవాళ్లు, అందరూ అడిగే ప్రశ్నలు ఇక్కడ ఉన్నాయి. కొన్నిటికి జవాబు రెండు ముక్కల్లో అయిపోతుంది. కొన్నిటికి అవదు.

జన్యు వైవిధ్యం అంటున్నారు, అసలు ఏం లెక్కపెడుతున్నారు?

ఇందులో రెండు లెక్కలున్నాయి. వాటిని కలిపేస్తే గందరగోళమే. ఒక్క పక్షి ఒంట్లో ఎన్ని రకాలున్నాయన్నది మొదటిది, గుంపు మొత్తంలో ఎన్ని రకాలున్నాయన్నది రెండోది. ఒకే జన్యువుకు ఉండే వేర్వేరు రూపాలను అల్లీళ్లు అంటాం. పాఠ్యపుస్తకాల్లో వీటినే యుగ్మ వికల్పాలు అంటారు. ఒక దీవిలో ప్రతి పక్షికీ పది అల్లీళ్లు ఉన్నాయనుకోండి. అన్నిటిలోనూ ఉన్నవి అవే పది అయితే, పక్షి దగ్గర సరుకు ఉన్నట్టే కానీ గుంపు మాత్రం బీదది. ఇవాళ ఉన్న రోగాన్ని తట్టుకోవడానికి మొదటి లెక్క పనికొస్తుంది. రేపు కొత్త రోగం వస్తే ఎవరో కొందరైనా మిగలాలంటే రెండోది కావాలి.

ఎక్కువమంది చదివేది ఎంహెచ్‌సీ అనే జన్యువుల గుంపును. వెన్నెముక ఉన్న జంతువుల్లో ఒక పక్షికీ ఇంకో పక్షికీ, ఒక మనిషికీ ఇంకో మనిషికీ ఇంతగా తేడా ఉండే జన్యువులు మరి కనిపించవు.

ఎంహెచ్‌సీ చేసే పనేమిటి?

కణంలో ఉన్న ప్రోటీన్లు ముక్కలవుతాయి. ఎంహెచ్‌సీ అణువు ఆ ముక్కను తన గాడిలో పెట్టుకుని కణం పైకి తెచ్చి, రోగాలతో పోరాడే తెల్ల రక్తకణాలైన టీ కణాలకు చూపిస్తుంది. ముక్క సొంత ఒంటిదైతే టీ కణం ఊరుకుంటుంది, పరాయిదైతే అలారం మోగుతుంది. క్లాస్ వన్ అణువులు కణం లోపలి సరుకును చూపిస్తాయి. వాటిలో పట్టే ముక్క 8 నుంచి 10 అమైనో ఆమ్లాల పొడవుంటుంది. వైరస్‌లు, కణంలో దూరే మలేరియా పరాన్నజీవుల మీద పోరులో వీటిది పెద్ద పాత్ర. క్లాస్ టూ అణువులు బయటి నుంచి మింగిన బాక్టీరియా, పురుగుల ముక్కలను చూపిస్తాయి. ఆ ముక్కలు మరి కాస్త పొడవు.

ప్రతి అల్లీల్ గాడి ఆకారం వేరు. ఒకదాంట్లో పట్టే ముక్క ఇంకోదాంట్లో పట్టదు. ఒక పరాన్నజీవి తాలూకు ముక్క ఏదీ ఆ పక్షి గాడుల్లో కూర్చోకపోతే, టీ కణాలకు ఆ శత్రువు వచ్చినట్టే తెలియదు.

కోడి మీద తెలిసింది పిచ్చుకకు ఎందుకు పనికిరాదు?

కోడిలో ఈ ప్రాంతం చాలా పొదుపుగా ఉంటుంది. 1999లో చదివిన కోడి బీ లోకస్ (కోడి ఎంహెచ్‌సీ ఉండే చోటు) పొడవు 92 వేల బేస్‌లు (డీఎన్‌ఏ అక్షరాలు), అందులో ఉన్నవి 19 జన్యువులే. క్లాస్ వన్ జన్యువులు రెండున్నా బరువంతా మోసేది దాదాపు ఒక్కటే. అందుకే కోడిలో ఒక్క రకం తేడాతో బతుకా చావా అన్నది తేలిపోవచ్చు. బీ21 రకం ఉన్న కోళ్లు మరెక్స్ అనే వైరస్ రోగాన్ని బాగా తట్టుకుంటాయి, బీ19 రకం ఉన్నవి తేలిగ్గా లొంగిపోతాయి.

పిచ్చుకలు, వార్‌బ్లర్లు, గోరువంకలు ఉన్న పాసెరైన్ వర్గంలో కథ వేరు. అదే జన్యువు మళ్లీ మళ్లీ నకళ్లై పెరిగింది. సెడ్జ్ వార్‌బ్లర్ అనే పన్నెండు గ్రాముల పిట్టలో, ఒక్క పక్షిలోనే, 65 దాకా క్లాస్ వన్ అల్లీళ్లు లెక్కకొచ్చాయి. ఇన్ని నకళ్లలో ఏ అల్లీల్ ఏ స్థానానిదో చెప్పలేం. కాబట్టి పాసెరైన్ పక్షిలో ‘హెటిరోజైగస్’ (ఒకే స్థానంలో రెండు వేర్వేరు అల్లీళ్లున్నది) అని రాయకండి, ‘ఒక్కో పక్షికి ఇన్ని అల్లీళ్లు’ అని రాయండి.

అల్లీళ్లు ఎంత ఎక్కువైతే అంత ఆరోగ్యమా?

కాదు. ఎక్కువ ముక్కలు చూపించగలగడం మేలే, కానీ దానికి ఖరీదుంది. సొంత ఒంటి ముక్కల మీద తిరగబడే టీ కణాలను శరీరం పుట్టుకలోనే ఏరి పారేస్తుంది. ఎంహెచ్‌సీ రకాలు పెరిగేకొద్దీ ఆ ఏరివేత పెరిగి, పనికొచ్చే టీ కణాలు కూడా పోతాయి. సొంత ఒంటి మీదే దాడి జరిగే ముప్పు కూడా పెరుగుతుంది. అందుకే మధ్యస్థంగా ఉండటమే మేలన్న వాదం వచ్చింది. గ్రేట్ రీడ్ వార్‌బ్లర్‌లో ఇంకో మెలిక కనిపించింది. క్లాస్ వన్ వైవిధ్యం ఎక్కువున్న మగపక్షులు సంతానంలో ముందుంటే, ఆడపక్షుల్లో తక్కువ వైవిధ్యం ఉన్నవే ముందున్నాయి. ఆడామగా కలిపి ఒకే లెక్క వేసి ‘ప్రభావం లేదు’ అనేస్తే ఇది కనపడేదే కాదు.

సంఖ్య కన్నా ఫలానా అల్లీల్ ఉండటమే ముఖ్యమైన సందర్భాలూ చాలా ఉన్నాయి. అరుదైన అల్లీల్‌కు పరాన్నజీవి ఇంకా అలవాటు పడి ఉండదు కాబట్టి అది ఉన్నవాటికి మొగ్గు. అది పెరిగి సాధారణమయ్యాక ఆ మొగ్గు పోతుంది. ఊరికో రోగం, ఏడాదికో రోగం మారుతుంటే ఏ అల్లీల్ మంచిదన్నదీ మారుతుంటుంది. ఫ్రాన్స్‌లో ఊర పిచ్చుకల గుంపులను పోల్చినప్పుడు మలేరియాతో ముడిపడిన అల్లీల్ ఒక్కోచోట ఒక్కోటి తేలింది. ఒక ఊళ్లో తేలిన ‘మంచి అల్లీల్’ను ఇంకో ఊరికి మోసుకెళ్లకూడదని దీని అర్థం.

పక్షుల మలేరియా మీదే ఇన్ని అధ్యయనాలు ఎందుకు? అది మనుషులకు వస్తుందా?

రాదు. ప్లాస్మోడియం రెలిక్టమ్ పక్షులదే. ఒక్క చుక్క రక్తంలో తేలిపోతుంది, చాలా జాతుల్లో ఉంటుంది, ఏళ్ల తరబడి ఒంట్లో తిష్ఠ వేస్తుంది. అందుకే పరిశోధనకు అనువు.

దీని చరిత్రకు మన ఊరితో చుట్టరికం ఉంది. రొనాల్డ్ రాస్ 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమ కడుపులో మనిషి మలేరియా పరాన్నజీవిని చూశాడు. అది దోమ నుంచి మళ్లీ కొత్త ఒంట్లోకి ఎలా చేరుతుందన్న మిగతా సగం 1898లో కలకత్తాలో తేలింది, అదీ పిచ్చుకల వంటి పక్షుల మీద, క్యూలెక్స్ దోమలతో. దోమ లాలాజల గ్రంథుల నుంచి ఆరోగ్యంగా ఉన్న పక్షిలోకి రోగం వెళ్లడం ఆయన అక్కడే చూపించాడు.

‘ఈ అల్లీల్ ఉన్న పక్షుల్లోనే మలేరియా ఎక్కువ కనిపించింది.’ అంటే అది చెడ్డ అల్లీలేనా?

ఈ పేజీలో ఒక్క జవాబే చదివే తీరిక ఉంటే ఇది చదవండి.

వలలో పడేది బతికున్న పక్షి, అందులోనూ ఎగురుతున్న పక్షి. మలేరియా సోకిన మొదటి వారాల్లో రక్తంలో పరాన్నజీవులు ఉప్పెనలా పెరుగుతాయి. ఆ దశలో పక్షి కదలదు, ఒక పొదలో ముడుచుకుని కూర్చుంటుంది. వలకు చిక్కదు. చచ్చిపోతే అసలే చిక్కదు. మనకు దొరికేవి రెండే రకాలు: సోకనివి, సోకినా గట్టెక్కి ఒంట్లో కొద్దిపాటి పరాన్నజీవులతో బతుకుతున్నవి.

ఇప్పుడు ఒక అల్లీల్ రోగాన్ని ఆపలేకపోయినా దాని ఉధృతిని తగ్గిస్తుందనుకోండి. అది ఉన్న పక్షులు సోకినా బతుకుతాయి, మన వలలో ‘రోగం ఉన్నవి’గా లెక్కకొస్తాయి. అది లేని పక్షులు సోకగానే చచ్చిపోతాయి, లెక్కలోకే రావు. కాగితం మీద ఆ అల్లీల్‌కూ రోగానికీ ముడి కనిపిస్తుంది. నిజానికి పక్షిని కాపాడింది అదే. స్వీడన్‌లోని గ్రేట్ రీడ్ వార్‌బ్లర్‌లలో 2005లో సరిగ్గా ఇలాంటి ముడే కనిపించింది. బీ4బీ అనే క్లాస్ వన్ అల్లీల్ ఉన్నవాటిలో జీఆర్‌డబ్ల్యూ2 అనే మలేరియా రకం ఎక్కువగా ఉంది. ఆ అల్లీల్ ఉన్నవి మొదటి దాడిని తట్టుకుని మిగిలాయన్నదే పరిశోధకులు చెప్పిన అర్థం.

ఇంకో రకం అల్లీల్ రోగాన్ని పూర్తిగా రానివ్వదు, లేదా వచ్చీరాగానే తుడిచేస్తుంది. అలాంటిది ఉన్న పక్షులు ‘రోగం లేనివి’గా కనిపిస్తాయి. రెండూ మేలు చేసేవే, పట్టికలో మాత్రం గుర్తులు తలకిందులు.

కొక్కెర తెగులు వచ్చి ఊళ్లో నాటుకోళ్లన్నీ పోయినా ఒకటో రెండో మిగలడం పల్లెల్లో అందరూ చూసిందే. మిగిలింది కాబట్టి దాని జాతే గట్టిదని అనుకుంటాం. జాతి కొంత కావచ్చు, ఇదివరకే సోకి వచ్చిన శక్తి కావచ్చు, ఆ రోజు పక్కింటి గడ్డివాములో ఉండిపోవడం కూడా కావచ్చు. అడవి పక్షిలోనూ అంతే.

దీన్ని విడదీయాలంటే మూడు దారులు. సోకిందా లేదా అన్న ఒక్క జవాబుతో సరిపెట్టకుండా రక్తంలో ఎన్ని పరాన్నజీవులున్నాయో కొలవాలి. కాలికి ఉంగరం వేసిన పక్షినే ఏటేటా మళ్లీ పట్టాలి. గూట్లో పిల్లగా ఉన్నప్పుడే, రోగం తగలకముందే, రక్తం తీసి ఉంచుకుని ఎవరు మిగిలారో తర్వాత చూడాలి. మూడోది అన్నిటికన్నా కష్టం, అన్నిటికన్నా నమ్మదగింది.

రక్తం ఎంత తీయాలి, ఎలా?

బరువులో ఒక శాతం దాటకూడదన్నది అంతటా పాటించే హద్దు. 25 గ్రాముల పిచ్చుకకు అది 0.25 మిల్లీలీటర్లు. ఈ పనికి అందులో ఐదోవంతు కూడా అక్కర్లేదు. పక్షి ఎర్ర రక్తకణాల్లో కేంద్రకం ఉంటుంది కాబట్టి 20 నుంచి 50 మైక్రోలీటర్లలో కావలసినంత డీఎన్‌ఏ దొరుకుతుంది. ఒక కేశనాళిక గొట్టం నిండితే చాలు.

రెక్క కింద మోచేతి దగ్గర చర్మం పైకే నరం కనిపిస్తుంది. ఈకలను స్పిరిట్‌తో కొద్దిగా తడిపి పక్కకు తొలగించండి. ఎక్కువ తడిపితే చిన్న పిట్ట చలికి వణుకుతుంది. 26 లేదా 27 గేజ్ సూదితో నరాన్ని ఏటవాలుగా ఒక్కసారి గుచ్చండి, సిరంజితో లాగకండి. పైకి వచ్చిన బొట్టును గొట్టం తనే పీల్చుకుంటుంది. తర్వాత పొడి దూదితో అర నిమిషం నుంచి నిమిషం దాకా మెత్తగా అదిమి, నెత్తురు ఆగిందని చూశాకే వదలండి. సూది నరం అవతలి గోడను కూడా దాటితే చర్మం కింద నీలంగా ఉబ్బుతుంది. అప్పుడు ఆ రెక్కను వదిలేయండి, రెండో రెక్క మీద కూడా ప్రయత్నించకండి. నోరు తెరిచి రొప్పుతున్నా, కళ్లు మూతలు పడుతున్నా రక్తం మాట మరిచిపోయి నీడలో వదిలేయండి.

వలను 15, 20 నిమిషాలకోసారి చూడాలి, ఎండాకాలంలో ఇంకా తొందరగా. మన దగ్గర మార్చి తర్వాత పొద్దున తొమ్మిది దాటితే వల మూసేయడమే మంచిది.

నమూనాలు ఎక్కువగా ఎక్కడ చెడిపోతాయి?

సీసాలో. 50 మైక్రోలీటర్ల రక్తానికి ఒక మిల్లీలీటరు స్వచ్ఛమైన ఇథనాల్ పోసి వెంటనే బాగా కదపాలి. కదపకపోతే రక్తం గడ్డకట్టి గడ్డ లోపలి భాగానికి ఇథనాల్ చేరదు, అక్కడ డీఎన్‌ఏ కుళ్లిపోతుంది. దుకాణంలో దొరికే డీనేచర్డ్ స్పిరిట్ వాడొద్దు, ఫార్మలిన్ అసలే వద్దు. సీసా మీద పెన్నుతో రాసింది ఇథనాల్ కారితే చెరిగిపోతుంది. ఉంగరం నంబరును పెన్సిల్‌తో చిన్న కాగితం మీద రాసి సీసా లోపల కూడా వేయండి.

రక్తం గడ్డకట్టకుండా హెపారిన్ పూసిన గొట్టాలు వాడితే హెపారిన్ పీసీఆర్‌ను (డీఎన్‌ఏ ముక్కకు లెక్కలేనన్ని నకళ్లు తీసే పద్ధతిని) అడ్డుకుంటుంది. ఈడీటీఏ గొట్టాలు తీసుకోండి. ల్యాబ్‌లో కిట్‌తో డీఎన్‌ఏ తీసేటప్పుడు మనిషి రక్తానికి రాసిన కొలత పాటిస్తే డీఎన్‌ఏను వడకట్టే కాలమ్ జిగురుతో మూసుకుపోతుంది. పక్షి రక్తమైతే 5 నుంచి 10 మైక్రోలీటర్లే వేయాలి.

మలేరియా చూడటానికి స్మియర్ (గాజు పలక మీద పలుచగా పూసిన రక్తం) చాలా, పీసీఆర్ కావాలా?

రెండూ. పీసీఆర్ తక్కువ స్థాయి సోకడాన్ని కూడా పట్టేస్తుంది. సైటోక్రోమ్ బీ జన్యువులోని 479 బేస్‌ల ముక్కను చదివి పక్షి మలేరియా వంశాలను నమోదు చేసే మాలావి డేటాబేస్‌తో పోలిస్తే ఏ వంశమో తెలుస్తుంది. కానీ ఎన్ని పరాన్నజీవులున్నాయో, అవి ఆ పక్షిలో పూర్తిగా ఎదిగాయో లేదో ఆ పీసీఆర్ చెప్పదు. ఒకే పక్షిలో రెండు వంశాలుంటే ఎక్కువగా ఉన్నదొక్కటే కనిపించవచ్చు.

స్మియర్ బాగా రావాలంటే పలుచగా లాగి కొద్ది సెకన్లలో ఆరబెట్టాలి. మన కోస్తా ఉక్కపోతలో తనంతట ఆరే దాకా వదిలితే కణాలు వికారంగా మారిపోతాయి. బ్యాటరీతో నడిచే చిన్న ఫ్యాన్ దగ్గర పెట్టుకోండి. ఆ రోజే నీరు కలవని మిథనాల్‌లో నిమిషం ముంచి తీయాలి. తర్వాత 10 శాతం గీమ్సా రంగు, పీహెచ్ 7 నుంచి 7.2, ఒక గంట. ఫార్మలిన్ సీసా ఉన్న పెట్టెలో స్మియర్లు పెడితే ఆ ఆవిరికే రంగు పట్టడం చెడిపోతుంది. వెయ్యి రెట్ల పెద్దదిగా చూస్తూ కనీసం పదివేల ఎర్రకణాలు లెక్కపెట్టాలి. విసుగు పుట్టించే పనే, కానీ పైన చెప్పిన ‘ఎంత’ అన్న ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది.

ఎంహెచ్‌సీ చదివేటప్పుడు తప్పులు ఎక్కడ జరుగుతాయి?

చదివేది గాడిని తయారుచేసే భాగాన్ని: క్లాస్ వన్‌లో మూడో ఎక్సాన్ (జన్యువులో ప్రోటీన్‌కు సంకేతమిచ్చే ముక్క), క్లాస్ టూ బీటా జన్యువులో రెండో ఎక్సాన్. పీసీఆర్‌లో పెంచి ఇల్యుమినా యంత్రంలో చదివిస్తారు.

మొదటి శత్రువు కైమీరా. రెండు అల్లీళ్ల ముక్కలు పీసీఆర్‌లో అతుక్కుని, ప్రకృతిలో లేని మూడో అల్లీల్‌లా కనిపిస్తాయి. పీసీఆర్ చక్రాలు 25 నుంచి 28 మధ్య ఆపేస్తే, ఒక్కో చక్రంలో నకలు పూర్తయ్యే ఎక్స్‌టెన్షన్ సమయం పెంచితే ఇవి తగ్గుతాయి. ముప్పై అయిదు చక్రాలు తిప్పి బ్యాండ్ బాగా వచ్చిందని సంతోషిస్తే తర్వాత ఏడవాలి.

రెండోది, ప్రైమర్ (పీసీఆర్ మొదలయ్యేచోట అతికే చిన్న డీఎన్‌ఏ ముక్క) కూర్చోని అల్లీళ్లు కనపడకుండా పోవడం. ఇది ఏ సాఫ్ట్‌వేర్‌కూ దొరకదు. కొత్త జాతి మీద పని మొదలుపెడితే కనీసం రెండు ప్రైమర్ జతలతో కొన్ని పక్షులను చదివి పోల్చాలి. గూటి కుటుంబాలుంటే ఇంకా మేలు. పిల్లలో ఉన్న ప్రతి అల్లీల్ తల్లిలోనో తండ్రిలోనో ఉండాలి. తండ్రి విషయంలో జాగ్రత్త, గూటి కాపరి అసలు తండ్రి కాకపోవడం పక్షుల్లో మామూలే.

మూడోది, ఒక పక్షి ట్యాగ్ (ఏ పక్షిదో చెప్పే డీఎన్‌ఏ గుర్తు) ఇంకో పక్షి రీడ్లకు (యంత్రం చదివిన ముక్కలకు) అంటుకోవడం. రెండు కొసలకూ వేర్వేరు ట్యాగులు పెట్టి, నీళ్లు మాత్రమే వేసిన ఖాళీ నమూనాలను ప్రతి ప్లేట్‌లో ఉంచితే ఇది బయటపడుతుంది.

నమూనాలన్నీ రెండేసి సార్లు విడిగా పీసీఆర్ చేసి చదవడం ఉత్తమం. డబ్బు చాలకపోతే ఐదోవంతైనా చేయండి. రెండుసార్లూ ఒకే జవాబు రాని పక్షులను లెక్కలోంచి తీసేయండి. ఆంప్లిసాస్ వంటి సాఫ్ట్‌వేర్ హద్దులను ఎలా పెట్టారో రాసి ఉంచండి, హద్దు కొద్దిగా కదిపితే అల్లీళ్ల సంఖ్య మారిపోతుంది. మూడు బేస్‌ల గుణిజం కాని తెగుడు ఉన్నా, మధ్యలో ప్రోటీన్ తయారీని ఆపే స్టాప్ కోడాన్ వచ్చినా అది పనిచేసే జన్యువు కాదు, విడిగా పెట్టండి.

గాడిలో ముక్కను తాకే స్థానాలు ఒకేలా ఉన్న అల్లీళ్లను ఒక సూపర్‌టైప్‌గా కలిపితే వందల అల్లీళ్లు పది పదిహేను గుంపులవుతాయి. లెక్కకు వీలే. అయితే అది గణితం చేసిన గుంపు, పక్షి ఒంట్లో పరీక్షించింది కాదు.

ఎన్ని పక్షులు కావాలి?

అనుకున్నదానికన్నా చాలా ఎక్కువ. 200 పిచ్చుకలు పట్టారనుకోండి. ఒక అల్లీల్ ఐదు శాతంలో ఉంటే అది ఉన్నవి పదే. ఆ పదిలో ముగ్గురికి మలేరియా ఉన్నా, ఐదుగురికి ఉన్నా పెద్ద అర్థం ఉండదు. 40 అల్లీళ్లను మూడు పరాన్నజీవులతో పరీక్షిస్తే 120 పరీక్షలు. ఐదు శాతం హద్దు పెట్టుకుంటే ఏ సంబంధమూ లేకపోయినా సగటున ఆరు ‘ఫలితాలు’ వస్తాయి. ఇన్ని పరీక్షలు చేసినందుకు హద్దును సవరించకుండా ఆ ఆరింటినీ రాసేయడం ఈ రంగంలో చాలాసార్లు జరిగింది. ముందే పరికల్పన రాసుకుని కొద్ది పరీక్షలతో ఆగడం మేలు. ఎంహెచ్‌సీతో పాటు మామూలు డీఎన్‌ఏ గుర్తులు, మైక్రోశాటిలైట్లో ఎస్‌ఎన్‌పీలో, తప్పక చదవండి. మేనరికపు పిల్లల్లో జన్యువులన్నిటా వైవిధ్యం తగ్గుతుంది కాబట్టి, జబ్బుకు కారణం ఎంహెచ్‌సీయో మొత్తం జన్యుసంపదో అవి లేకుండా తేలదు.

పక్షి ఆరోగ్యంగా ఉందని దేన్నిబట్టి చెప్పాలి?

ఒక్క కొలత నమ్మకండి. బరువును కాలిపిక్క పొడవుతో కలిపి చూడండి. అదే స్మియర్‌లో హెటిరోఫిల్, లింఫోసైట్ అనే తెల్ల రక్తకణాల నిష్పత్తి లెక్కపెడితే ఒత్తిడి తెలుస్తుంది. రక్తంలో ఎర్రకణాల శాతం చూడండి, మలేరియా తీవ్రంగా ఉంటే అది పడిపోతుంది. కార్టికోస్టిరాన్ అనే ఒత్తిడి హార్మోను కొలవాలంటే వలలో పడిన మూడు నిమిషాల్లోపు రక్తం తీయాలి, ఆ తర్వాత తెలిసేది మీరంటే దానికున్న భయమే. వీటన్నిటికన్నా గట్టి కొలత ఒకటుంది: వచ్చే ఏడు అది మళ్లీ కనిపించిందా, పిల్లల్ని పెంచిందా?

ఎంహెచ్‌సీ కాక వేరే జన్యువులు లేవా?

ఉన్నాయి, ఎంహెచ్‌సీ మీద ఉన్న మోజులో వాటిని చాలాకాలం పట్టించుకోలేదు. టోల్ తరహా గ్రాహకాలు సూక్ష్మజీవుల ఉమ్మడి గుర్తులను పసిగడతాయి. కోడిలో ఇవి పది. బీటా డిఫెన్సిన్లు బాక్టీరియాను నేరుగా చంపే చిన్న ప్రోటీన్లు, కోడిలో 14. వీటిలో ఒక్కో జన్యువుకు స్థానం స్పష్టంగా ఉంటుంది కాబట్టి చదవడం తేలిక. కొత్తగా ఈ రంగంలోకి వచ్చేవాళ్లు టోల్ గ్రాహకాలతో మొదలుపెడితే మంచిదని మా సలహా.

ఒక్క జన్యువు లేకపోతే ఏమవుతుందో చూపడానికి రిగ్-ఐ మంచి ఉదాహరణ. ఫ్లూ వైరస్ ఆర్‌ఎన్‌ఏను కణంలోనే పసిగట్టే గ్రాహకం అది. బాతుల్లో ఉంది, కోడిలో లేదని 2010లో తేలింది. బాతులు చాలా ఫ్లూ రకాలను పెద్ద జబ్బు లేకుండా మోస్తూ తిరగడానికి, అదే వైరస్‌తో కోళ్లు కూలిపోవడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 2025 ఫిబ్రవరిలో గోదావరి జిల్లాల కోళ్ల ఫారాల్లో బర్డ్ ఫ్లూ ఎంత నష్టం చేసిందో మనం చూశాం.

కొద్ది పక్షులే మిగిలిన జాతి రోగాన్ని తట్టుకోగలదా?

తట్టుకున్నవి ఉన్నాయి. న్యూజిలాండ్ ఛాథమ్ దీవుల నల్ల రాబిన్‌లు 1980కి ఐదే మిగిలాయి, వాటిలో పిల్లల్ని పెట్టగలిగిన ఆడది ఒక్కటే. ఇవాళ ఉన్నవన్నీ దాని సంతతే. ఎంహెచ్‌సీ వైవిధ్యం అతి తక్కువ, అయినా బతుకుతున్నాయి. చైనాలో క్రెస్టెడ్ ఐబిస్ 1981లో ఏడు పక్షులుగా మళ్లీ కనిపించి ఇప్పుడు వేలల్లో ఉంది. వైవిధ్యం తక్కువైనంత మాత్రాన జాతి రేపే పోదు. కానీ దూరపు దీవిలో కొత్త రోగం రాకుండా బతకడం వేరు, వచ్చాక బతకడం వేరు.

ఈ ప్రశ్నను అందరికన్నా జాగ్రత్తగా పట్టుకున్నది సీషెల్స్ వార్‌బ్లర్ పరిశోధకులు. 1960లలో ఆ జాతి మొత్తం కజిన్ అనే చిన్న దీవిలో ముప్పైకి లోపే. 1968లో దీవిని రక్షిత స్థలం చేశారు, తర్వాత 1988 నుంచి 2011 దాకా మరో నాలుగు దీవులకు పక్షులను తరలించారు. ఆ పక్షులు దాదాపు దీవి దాటవు, కాళ్లకు రంగు ఉంగరాలున్నాయి, కాబట్టి కనపడలేదంటే చనిపోయినట్టే. పైన చెప్పిన ‘మిగిలినవే దొరుకుతాయి’ అన్న చిక్కు అక్కడ చాలావరకు ఉండదు. అక్కడ తేలిందేమిటంటే, పిల్లపక్షుల్లో ఎంహెచ్‌సీ వైవిధ్యం ఎక్కువున్నవి బాగా బతికాయి, ఏఎస్ఈ-యూఏ4 అనే ఒక్క అల్లీల్ ఉన్నవి పెద్దయ్యాక కూడా ఎక్కువకాలం బతికాయి. సంఖ్యా ముఖ్యమే, ఫలానా అల్లీలూ ముఖ్యమే అని ఒకే గుంపులో తేలడం అరుదు.

మన బట్టమేక పిట్ట సంగతి అడుగుతారు. దాని మైటోకాండ్రియా డీఎన్‌ఏలో వైవిధ్యం బాగా తక్కువని తెలుసు. అయినా దానికి ఇవాళ్టి ముప్పు జన్యువుల్లో లేదు, కరెంటు తీగల్లో, పోయిన గడ్డిభూముల్లో ఉంది. రాబందులదీ అదే పాఠం. తెల్లవీపు రాబందులు 99 శాతానికి పైగా పోయింది పశువులకిచ్చిన డైక్లోఫెనాక్ వల్ల. ఏ ఎంహెచ్‌సీ అల్లీలూ విషాన్ని ఆపదు.

కొత్త రోగం వచ్చినప్పుడు పక్షులు మారడం ఎవరైనా చూశారా?

రెండు చోట్ల కళ్లముందే జరిగింది.

హవాయి దీవులకు దోమ 1826లో ఓడలో వచ్చింది. తర్వాత పక్షి మలేరియా చేరింది. హనీక్రీపర్లకు దాన్ని ఎదుర్కొన్న చరిత్రే లేదు. ఇఇవి అనే ఎర్రపిట్టకు ఒక్క దోమకాటుతో రోగం అంటించి చూస్తే పదింట తొమ్మిది చనిపోయాయి. దోమలు చేరని చల్లటి కొండలమీదే ఇలాంటివి మిగిలాయి, ఎండలు పెరిగి దోమలు పైకి పాకుతుంటే ఆ చోటూ కుంచించుకుపోతోంది. అమాకిహి అనే పిట్ట మాత్రం పల్లపు ప్రాంతాల్లో రోగంతోనే బతకడం నేర్చి మళ్లీ పెరిగింది. మొదట్లో దాని గుంపు పెద్దది కావడం ఇందులో కలిసొచ్చింది. మిగతావాటికి అంత వ్యవధి లేదు కాబట్టి, 2023 నుంచి మావీ దీవిలో జతకట్టిన ఆడదోమల గుడ్లు పొదగనివ్వని వోల్బాకియా అనే బాక్టీరియా ఉన్న మగదోమలను వదులుతున్నారు.

అమెరికాలో హౌస్ ఫించ్‌లది రెండో కథ. పడమటి పక్షులను 1940లో న్యూయార్క్‌లో వదిలితే ఆ కొద్దిపాటి గుంపు నుంచి తూర్పు అంతా నిండాయి. 1994లో కోళ్ల బాక్టీరియా మైకోప్లాస్మా గాలిసెప్టికమ్ వాటికి అంటి, కళ్లు వాచి గుడ్డివై రాలిపోయాయి. పన్నెండేళ్ల తర్వాత, రోగం తగిలిన అలబామా పక్షులకూ, ఎన్నడూ తగలని ఆరిజోనా పక్షులకూ ఒకే బాక్టీరియాను ఎక్కించి చూస్తే, అలబామావి దాన్ని మెరుగ్గా అదుపు చేశాయి. పుష్కరకాలంలో పరిణామం జరిగిందంటే, ఏరుకోవడానికి తగినంత సరుకు ఆ గుంపులో మిగిలి ఉందన్నమాట.

జన్యువులు చూసి జతను ఎంచుకుంటాయా?

కొన్ని జాతుల్లో ఆధారాలున్నాయి, అన్నిటిలో లేవు. సీషెల్స్ వార్‌బ్లర్ ఆడది, తన జతగాడి ఎంహెచ్‌సీ వైవిధ్యం తక్కువైతే వేరే మగవాటితో పిల్లల్ని కనే అవకాశం ఎక్కువని 2005లో తేలింది. సముద్రపు పెట్రెల్ పక్షులు ఎంహెచ్‌సీ తేడాను వాసనతో పసిగడతాయి.

మన దగ్గర పని చేయాలంటే అనుమతులు ఏవి?

వన్యప్రాణి సంరక్షణ చట్టం 1972 కింద పక్షిని పట్టడం కూడా వేటే. సెక్షన్ 12 కింద రాష్ట్ర చీఫ్ వైల్డ్‌లైఫ్ వార్డెన్ అనుమతి కావాలి, పిచ్చుకకైనా సరే. దరఖాస్తులో జాతి, సంఖ్య, రక్తం కొలత, స్థలం, తేదీలు స్పష్టంగా రాయండి. నమూనాలు విదేశీ ల్యాబ్‌కు పంపాలంటే జీవవైవిధ్య చట్టం 2002 కింద విడిగా అనుమతి ఉంటుంది. హైదరాబాద్‌లోనే సీసీఎంబీ వారి లాకోన్స్ ప్రయోగశాల వన్యప్రాణుల డీఎన్‌ఏ పనికి ఉంది, దూరం పంపే ముందు అక్కడ అడగండి. అనుమతి చేతికొచ్చేసరికి గూళ్ల కాలం దాటిపోవడం మామూలు, ఒక ఏడు ముందే మొదలుపెట్టాలి.

పెరట్లో గింజలు, నీళ్లు పెట్టేవాళ్లు ఏం చూసుకోవాలి?

పైన చెప్పిన హౌస్ ఫించ్‌ల కంటి రోగం ఎక్కువగా పాకింది పెరటి దాణా గొట్టాల దగ్గరే. ఒకే రంధ్రంలో వరసగా తలలు పెట్టడంతో ఒకదాని కంటి స్రావం ఇంకోదానికి అంటింది. అమెరికాలో పెరట్లో దాణా గొట్టం వేలాడదీసుకున్న మన తెలుగువాళ్లు దాన్ని రెండు వారాలకోసారి విప్పి కడగాలి. ఒక వంతు బ్లీచ్, తొమ్మిది వంతుల నీళ్లు కలిపి పది నిమిషాలు నాననిచ్చి, బాగా కడిగి, పూర్తిగా ఆరాకే మళ్లీ నింపాలి. కన్ను వాచిన పక్షి కనిపిస్తే రెండు వారాలు దాణా తీసేయండి.

ఇక్కడ చూరుకు కట్టే వరికంకుల కుచ్చు ఈ విషయంలో మంచిది. పక్షులు విడివిడిగా వేలాడి తింటాయి, అయిపోగానే తీసి కొత్తది కడతాం. బూజు పట్టిన కంకులు మాత్రం ఉంచకండి. వేసవిలో పెట్టే నీళ్ల మూకుడును రోజూ ఒంపి, పీచుతో రుద్ది, కొత్త నీళ్లు పోయండి. వారంపాటు అలాగే వదిలేస్తే దోమ పిల్లలు పుట్టి, మీరు దాహం తీర్చిన పిట్టకే మలేరియా మోసుకొస్తాయి. ఒకేచోట నాలుగైదు పక్షులు చచ్చిపడి ఉంటే ఒట్టి చేతులతో తాకకుండా పశుసంవర్ధక శాఖకో అటవీ శాఖకో చెప్పండి. బర్డ్ ఫ్లూ అనుమానం ఉంటే వాళ్లు నమూనాను భోపాల్‌లోని జాతీయ ప్రయోగశాలకు పంపుతారు. ఎండలో ఒక్క పూట గడిచినా కళేబరం పరీక్షకు పనికిరాకుండా పోతుంది కాబట్టి, చూసిన వెంటనే ఫోన్ చేయండి.